తూర చేప బేరం

నీలావతి చేప ముక్కను వేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"దీన్ని ఎవరు ఏరారండీ?"

"నేనే," అన్నాడు మోహన్. "చేపలంగడి సాబ్జాన్ ఎర్రది ఇయ్యబోతే వద్దంటి. మరక లేకుండా, తెల్లంగా, అంతా ఒకే రంగుండేది ఏరుకొచ్చినా."

"ఇది పట్టుగూడు కాదండీ, తూర చేప. ఇలా పాలిపోయిందంటే పాడైపోయినట్టే."

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో మోహన్ కుప్పలో చెయ్యి పెట్టాడంటే పక్కవాళ్ళు బేరం ఆపి చూస్తారు. అంతటివాడు చేప ముక్క దగ్గర దెబ్బతిన్నాడు. అదీ ఈ రోజే. నీలావతి అతను పట్టునూలు అమ్మబోయి, సముద్రం ఒడ్డున ఉప్పాడలో చూసి, ఇష్టపడి చేసుకున్న పిల్ల. ఆమె సంచీ ఇప్పుడు సర్దిపెట్టి గుమ్మం పక్కన ఉంది. సాయంత్రం రైలుకు పుట్టింటికి ప్రయాణం. మళ్ళీ ఎప్పుడొస్తావని ఎన్నిసార్లు అడిగినా "చూద్దామండీ" అంటోంది. చూద్దామని వెళ్ళిన గిరాకీ మళ్ళీ అంగడి ముందుకు రావడం అతని అనుభవంలో లేదు. పుట్టింటి కూర ఇక్కడే దొరికితే ఈ ప్రయాణం ఆగుతుందేమోనని అతని ఆశ.

"ఇంకొకటి తెస్తా. ఎట్ల ఏరల్లో చెప్పు."

"ఎందుకండీ శ్రమ."

"చెప్పమ్మే!"

ఆమె చూపు ఎక్కడికో పోయింది. "కోసిన పుచ్చకాయలా ఎర్రగా ఉండాలి. నొక్కితే గుంట మళ్ళీ పైకి లేవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన రాకూడదు. సముద్రం వాసన రావాలి."

"సముద్రం వాసన నాకేం తెలుసు? ఈడ ఉండేదంతా రాళ్ళగుట్టలు."

ఆమె నవ్వబోయి మానేసింది.

అంగట్లో సాబ్జాన్ అతన్ని చూస్తూనే కత్తి పక్కన పెట్టాడు. "ఏమప్పా మోహనా, పొద్దున ఎర్రది ఇస్తే రక్తం మరకని తిట్టిపోతివే?"

"ఇప్పుడు ఎర్రదే కావల్ల. తియ్యబ్బా."

"ఉండాది, ఐసులో. ఒక మాట. దీన్ని చెవి కాడ పెట్టుకొని ఊపద్దు. లోపల పురుగు పలకదు."

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. గూటిని చెవి దగ్గర ఊపి, లోపలి పురుగు చప్పుడు విని కొనడం మోహన్ అలవాటు. నవ్వితే నవ్వారని వంగి, నొక్కి, వాసన చూసి, ఎర్రటి ముక్క ఏరుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఫోన్ మోగింది. గూళ్ళు ఉడికించి నూలు తీసే అతని రీలింగ్ యూనిట్లో మోటారు ఆగిపోయింది. ఉడుకునీళ్ళలో గూళ్ళు మెత్తబడిపోతున్నాయి. పోక తప్పలేదు. చేప సంచీ కొక్కేనికి తగిలించి, జల్లెడ పట్టుకుని గూళ్ళన్నీ తోడి పోసేసరికి చొక్కా మొత్తం ఆ నీళ్ళే. ఉడికిన పట్టుపురుగు వాసన ఒకసారి పట్టిందంటే అంత సులువుగా వదలదు.

మామూలు రోజుల్లో అక్కడే గంధం సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, బట్టలు మార్చుకుని గానీ అతను ఇంటికి పోడు. పెళ్ళయిన కొత్తలో అలాగే పోతే నీలావతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాసన గిట్టలేదని లెక్క తేల్చుకుని, ఆనాటి నుంచి స్నానం అలవాటు చేసుకున్నాడు. ఏడుపు ఆగింది. అది లాభం. నవ్వు కూడా తగ్గింది గానీ, దాన్ని ఏ పద్దులో వేయాలో అతనికి తెలియలేదు.

ఈ రోజు స్నానానికి సమయం లేదు.

చేప సంచీని గుమ్మంలో నుంచే చెయ్యి చాచి అందించి, అతను వాకిట్లో దూరంగా నిలబడ్డాడు. వంటింటి కిటికీలోంచి అన్నీ కనబడుతున్నాయి. ఆమె ముక్క నడుమ ఉన్న నల్లటి కండను కోసి తీసేసింది. ఉప్పూ పసుపూ పట్టించి కడిగింది. చింతపండు పులుసు తెర్లిన తర్వాతే ముక్కలు వదిలింది. గరిటె మాత్రం పెట్టలేదు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పింది.

"అట్ల తిప్పేదెందుకు?"

"గరిటె తగిలితే తూర ముక్క చెదిరిపోద్దండీ."

దాక దించి, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఎట్లుండాది?"

"బాగుందండీ." ఇంకో ముద్ద కలుపుతూ అంది. "పాపం, ఐసులో పడి ఎంతో దూరం వచ్చింది కదా. రుచి ఉంది. మా ఊరు లేదు."

బేరం చెడిపోయిందని మోహన్‌కు అర్థమైంది. ఇక చేసేదేమీ లేదు. "స్టేషనుకు ఆటో పిలుస్తా," అన్నాడు, ఎటో చూస్తూ.

"ముందు మీరు తినండి." ఆమె పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

అతను గబుక్కున వెనక్కి జరిగాడు. "రావద్దు, రావద్దు. యూనిట్ నుంచి అట్లే వచ్చినా. ఒళ్ళంతా కంపు. ఉండు, నీళ్ళు పోసుకొనొస్తా."

నీలావతి ఆగలేదు. పళ్ళెం మెట్టు మీద పెట్టి, అతని తడి చొక్కా చేతిని పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. ఆమె భుజాలు కదిలాయి. మోహన్ కంగారుపడి చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఆటో వద్దులెండి," అంది, తల ఎత్తకుండానే. "చేపలు ఎండబెట్టే గట్టు మీంచి మా నాన్న ఇంటికొస్తే ఇదే వాసన. ఇన్నాళ్ళూ మా ఊరినేనా మీరు అక్కడ సబ్బేసి కడిగేసుకొస్తోంది?"