లేత వేరు

భార్య ఆయాసానికి అడవి జిన్సెంగ్ అనే మందువేరు తెస్తానని ఇంజే కొండల్లోకి వెళ్లిన కాప్సు ఖాళీ బుట్టతో తిరిగొచ్చాడు. మొక్క దొరికినా, వేరు లేతదని వదిలేశాడట.

"ఎవరికోసం దాచావయ్యా?" అంది భార్య మాల్సున్. "నేను పోయాక వచ్చే రెండో పెళ్లానికా?"

"విత్తనం రాలనివ్వవే."

"అది ముదిరేలోగా నీ సమాధి మీద గడ్డి ముదురుతుంది. ఎక్కడుందో చెప్పు."

మర్నాడు గునపం పట్టుకుని, చెట్టుచెట్టుకూ ఆగుతూ ఆమే కొండెక్కింది. తిరిగొచ్చేసరికి ఆమె గోళ్లనిండా మట్టి.

"తవ్వేశావా?" కాప్సు ఆమె చేతులు పట్టుకుని చూశాడు.

"ఎర్రటి పళ్లగుత్తి నెత్తిన పెట్టుకుని అది దారినపోయేవాళ్లందర్నీ పిలుస్తోంది. అలా వదిలేసి వస్తారా, తెలివితక్కువ మనిషీ? గుత్తి తుంచి, గింజలు చుట్టూ పాతి, ఆకులు కప్పి వచ్చాను. ఇక ఎవడికీ కనబడదు, నీకు కూడా."