మూడో హెడ్‌ఫోన్

“ఇది కుదరదు తంబీ. నేను మాట్లాడింది ఆమెకు వినపడిపోయింది. ఇంకొకటి తియ్యి,” అన్నాడు నాగరాజన్ తమిళంలో.

విరుదునగర్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి అది. ఇసక్కిరాజా మూడు వేల రెండు వందల హెడ్‌ఫోన్‌ను అట్టపెట్టెలో సర్దుతూ నవ్వాడు.

“అందరూ పాట బాగుందా అని చూస్తారు అన్నాచ్చీ. మీరు మాట ఆగుతుందా అని చూస్తున్నారు. ఇవి రైలు మోతను ఆపుతాయి. మనిషి గొంతును ఆపడం కష్టం.”

“పక్కవాళ్ళ మాటలకీ ఆమెకు తలనొప్పి వస్తోంది. చూపించు.”

అది సగం నిజం. నాగరాజన్‌కు ఆ ఊళ్ళో మిరపకాయల మండీ ఉంది. ఇల్లు కోవిల్‌పట్టిలో. మంగళవారం మంగళవారం భార్య పట్టమ్మాళ్‌ను రైల్లో మదురై ఆసుపత్రికి తీసుకువెళ్తాడు. కడుపులో పుండు, సూదులు వేస్తే మానిపోతుందని ఆమెకు చెప్పాడు. డాక్టరు చెప్పింది వేరు. ఆ మాట చెవిన పడితే ఆమె మళ్ళీ ఆసుపత్రి మెట్టు ఎక్కదు. వాళ్ళమ్మ అలాగే, జబ్బు పేరు తెలిసిన రోజే మందు మానేసింది.

మండీ అమ్మితేగాని వైద్యం సాగదు. బేరం ఫోన్లు సరిగ్గా రైల్లో ఉండగానే వస్తాయి. కళ్ళు తిరిగే మనిషిని వదిలి తలుపు దగ్గరికి పోలేడు. బోగీలో మిగతావాళ్ళతో చిక్కు లేదు. ఇంటి తెలుగులో మాట్లాడితే వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థమయ్యేది పట్టమ్మాళ్‌కు ఒక్కదానికే.

ఇసక్కిరాజా ఏడు వేల తొమ్మిది వందలది తీశాడు. బల్ల మీది అద్దం ముందు కూర్చున్న పట్టమ్మాళ్ చెవులకు తగిలించి, సన్నగా పాట పెట్టాడు. నాగరాజన్ ఆమె వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

“పట్టూ, నీ తమ్ముడు బండి మీదనించి పడినాడంట.”

ఆమె చటుక్కున తిరిగింది. “సెల్వాకా? ఏమైంది?”

“ఏమీ కాలే. పరీక్ష చేస్తిని.”

“ఇందాక నా గాజులు అమ్మేసినానంటివి. ఇప్పుడు నా తమ్ముడిని పడేస్తివి. పరీక్షకి నీ అక్క దొరకలేదా?” హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. “వెల ఎచ్చు, బరువూ ఎచ్చు. ఇది నాకొద్దు.”

“ఇంకొకటే ఉంది,” అన్నాడు ఇసక్కిరాజా. “పద్నాలుగు వందల తొంభై తొమ్మిది. సద్దు ఆపుతుందని అట్ట మీద రాసుంది. నేను మాత్రం పూచీ పడను.”

మూడోది తగిలించాడు. పాట మొదలైంది.

ఈసారి ఏమనాలో నాగరాజన్‌కు తోచలేదు. చేతిలో ఉన్న రెండు అబద్ధాలూ ఖర్చయిపోయాయి. పదిహేను రోజులుగా నోట్లో నానుతున్న మాట ఒకటే మిగిలింది. దాన్ని బావమరిది సెల్వకుమార్‌కు కూడా చెప్పలేదు. ఇసక్కిరాజాకు తెలుగు రాదు.

“పట్టూ, నీకు ఆరు నెలలే అన్నాడు డాక్టరు. మండీ అమ్మి అయినా నిన్ను నిలబెట్టుకోవాలని చూస్తాండాను.”

ఆమె తిరగలేదు. అద్దంలో చూసుకుంటూ జడలో కనకాంబరాలు సర్దుకుంటోంది. ఆ చెయ్యి ఆగలేదు. తల పాటకు మెల్లగా ఆడుతోంది. కాసేపటికి ఒక చెవి మీదనుంచి హెడ్‌ఫోన్ జరిపింది.

“ఏమైనా చెప్తివా మామా?”

“లేదు.”

“అయితే ఇదే చాలు. ఒక్క మాట ఇనపడలే.”

ఇసక్కిరాజా ఆమె వైపూ అట్టపెట్టె వైపూ మార్చి మార్చి చూశాడు.

నాగరాజన్ ముప్పై ఏళ్ళుగా ఎండుమిరపకాయను చెవి దగ్గర ఆడించి, గింజల సద్దును బట్టి సరుకు తేల్చినవాడు. చౌకగా వచ్చేదాన్ని రెండుసార్లు చూడమని పదిమందికి చెప్పినవాడు. ఆ రోజు ఒక్కసారే చూశాడు. బేరం కూడా ఆడలేదు.

పట్టమ్మాళ్ దాన్ని అంగడిలో పెట్టుకున్నది మళ్ళీ తియ్యలేదు. బస్సులో కోవిల్‌పట్టి దాకా కిటికీ వైపు తిరిగి అలాగే కూర్చుంది. అంతగా నచ్చినట్టుంది అనుకున్నాడు.

ఆ తరువాత ఐదు మంగళవారాలు గడిచాయి. అమ్మేవాడి తొందర కొనేవాడికి తెలిస్తే వెల నిలవదు. నలభై రెండు లక్షల దగ్గర మొదలైన మండీ ముప్పై ఒకటికి దిగింది. ఆసుపత్రిలో తూకం యంత్రం మీద పట్టమ్మాళ్ వారానికి ఒక కిలో దిగుతోంది. రెండు లెక్కలూ ఒకే దారిన పోతున్నాయి. దేన్నీ ఆపడం అతనికి చేతకాలేదు.

ఆరో మంగళవారం మదురై నుంచి తిరిగి వస్తుంటే సెల్వకుమార్ ఫోన్ చేశాడు.

“బావా, కుమారసామి ఇరవై ఎనిమిదికి దిగినాడు. ఒప్పుకొంటే రేపు పొద్దున్నే అడ్వాన్సు ఇస్తాడంట.”

“సరే అను.”

“నాలుగు రోజులు ఆగితే ముప్పైకి వస్తాడు బావా.”

“ఆగేదానికి నా దగ్గర రోజులు లేవురా.”

“అక్క పక్కన లేదా?”

“ఉండాది. చెవుల్లో పాట. ఇనపడదు.”

“ముప్పై ఏండ్ల మండీ. దాని తరువాత నువ్వేం చేస్తావు?”

“తరువాత అనేది ఆమె ఉంటే కదా. రేపు పత్రం రాయించు.”

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రైలు విరుదునగర్‌లో ఆగింది. దిగేవాళ్ళు దిగారు. పట్టమ్మాళ్ అతని భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకునే ఉంది. హెడ్‌ఫోన్ అంచున పచ్చ దీపం వెలుగుతోంది. జారిన శాలువాను ఆమె మెడ చుట్టూ సర్దాడు. ఎముక చేతికి తగిలింది.

రైలు కదిలింది. ఆమె తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకుంది. కళ్ళు తెరవలేదు, హెడ్‌ఫోన్ తియ్యలేదు.

“ఆరు నెలల సరుక్కి మండీ వెల ఎవరైనా ఇస్తారా మామా?”