సోయా మహజరు

శేషగిరి చేతిలోని ప్యాకెట్‌ను ఎవరో మెల్లగా లాగేసుకున్నారు.

“అది వద్దు సార్. దాంట్ల గుడ్డు ఉన్నది.”

అమెరికాలో, ప్లేనో ఊరి సూపర్ మార్కెట్‌లో, ఫ్రీజర్ల నడుమ, తెలుగు! శేషగిరి తిరిగి చూశాడు. అరవై దాటిన మనిషి. తెల్లచొక్కా, నెరిసిన మీసం.

“వెజిటేరియన్ అని రాసుందిగా?”

“ఆల్బుమెన్ అని సుత రాసిన్రు సార్. తెల్లసొనకు పెద్ద పేరు అది.”

రెండు మాస్టర్స్ డిగ్రీల శేషగిరి దాన్ని విటమిన్ అనుకున్నాడు.

ఏడు తరాలుగా గుడ్డు నీడ సోకని వంశం అతనిది. స్టోర్‌లో మాంసం కౌంటర్ రాగానే, గ్రహణం పట్టిన సూర్యుడు ఎదురైనట్టు తల తిప్పుకుని సాగిపోయేవాడు. అక్కడికి వస్తున్న పదకొండేళ్లలో ఆ దిక్కు ఒక్కనాడూ చూసి ఎరుగడు. అంతటివాణ్ణి సోయాతో చేసిన ఈ ఉత్తుత్తి మాంసం ముందు నిలబెట్టింది భార్య దమయంతి అనారోగ్యం. ఆపరేషన్ తరువాత ఆమెకు ప్రొటీన్ పడిపోయింది. పప్పు చాలదన్నాడు డాక్టర్. గుడ్డు తినడం కన్నా పోవడమే నయమంది ఆమె.

“మరి మా ఆవిడకు ఏది తీసుకోమంటారు?”

ఆయన నాలుగు ప్యాకెట్లు తిప్పి చూసి, ఒకటి ఇచ్చాడు.

“ఇది మంచిది. అమ్మను భయం లేకుండ తినమని చెప్పుండ్రి. నా పేరు అంజయ్య.”

నాటి నుంచి ప్రతి శనివారం అంజయ్య ఎంచడం, శేషగిరి కొనడం, దమయంతి తినడం. మూడు నెలలకు ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కింది.

“ఇంతకీ ఎవరండీ ఆయన?”

“మనవాడే. ఇంత శుచి తెలిసినవాడు ఇంకెవడవుతాడు?”

ఒకనాడు, పై గదిలో అద్దెకుంటున్న ఎం.ఎస్. విద్యార్థిని రేణు ఒక పిడుగు మోసుకొచ్చింది.

“అంకుల్, ఆ స్టోర్‌లో మీట్ కట్ చేసే అతనే మన వెజ్ ఫ్రీజర్ కూడా సర్దుతాడట! క్యాషియర్ చెప్పింది.”

శేషగిరి మహజరు రచించాడు. ఇంగ్లీషులో, రెండు పేజీలు, నాలుగు ఉపశీర్షికలు. మాంసం కోసే చెయ్యి మా ఆహారాన్ని తాకరాదు. ఆ వ్యక్తిని తొలగించండి, లేదా పదిహేడు కుటుంబాలు మరో స్టోర్‌కు తరలిపోతాయి. పదిహేడు సంతకాలూ రెండు రోజుల్లో పడ్డాయి.

శనివారం దాన్ని అంజయ్య చేతిలో పెట్టాడు.

“మీదీ ఒక సంతకం ఉంటే బరువుగా ఉంటుంది అంజయ్యగారూ.”

అంజయ్య చదివాడు. మొదటి పేజీకి వెళ్లి మళ్లీ చదివాడు.

“అమ్మ మంచిగ తింటున్నదా సార్?”

“దివ్యంగా!”

“పెన్ను ఇయ్యుండ్రి. కాయితం నేనే మేనేజర్‌కు ఇస్త.”

పై శనివారం ఫ్రీజర్ దగ్గర అంజయ్య లేడు. ఆ పై శనివారమూ లేడు. ఆయన చూడని ప్యాకెట్ ముట్టనంది దమయంతి. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది.

శేషగిరి మేనేజర్ గదికి వెళ్లాడు. ఇక్కడ మాకు సాయం చేసే తెలుగు పెద్దాయన ఒకరుండేవారు, ఫోన్ నంబర్ ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు.

మేనేజర్ వింతగా చూశాడు. ఫైల్‌లోంచి మహజరు తీసి, పద్దెనిమిదో సంతకం మీద వేలుంచాడు.

“మీరు తీసేయమన్నది ఈయన్నే కదా? తొమ్మిదేళ్లుగా మా మీట్ కట్టర్. తనే సంతకం పెట్టి తెచ్చిచ్చాడు కాబట్టి, వెళ్లిపొమ్మని నేను చెప్పాల్సిన పని పడలేదు.”