చేదు మీద గెలుపు

"ఈ సప్ప మాత్ర నేను మింగను. మింగనంటే మింగను," అని నారాయణమ్మ పెదవులు బిగించింది.

పుంగనూరులోని ఆ పెంకుటింటి నడవలో, మాత్ర పట్టుకొని ఆమె మంచం పక్కన నిలబడిన కోడలు నీలిమ సామాన్యురాలు కాదు. నిన్న సాయంత్రమే బెంగళూరులో ఔషధ రసాయన శాస్త్రజ్ఞుల మహాసభ ఆమె మెడలో స్వర్ణపతకం వేసి, భుజాన శాలువా కప్పి, లేచి నిలబడి కరతాళధ్వనులు చేసింది. అనాదిగా మానవజాతి నాలుకను ఏలుతున్న చేదు అనే చక్రవర్తిని ఈ యువతి పదవీచ్యుతుణ్ణి చేసిందని సభాధ్యక్షుడు గద్గదస్వరంతో ప్రకటించాడు.

జరిగినదేమంటే, ఊపిరితిత్తుల జబ్బుకు వాడే పరమ చేదు మందు అణువుకు ఆమె ఒక రసాయనపు ముసుగు తొడిగింది. నాలుక దాన్ని గుర్తుపట్టదు. కడుపులోకి దిగాక ముసుగు ఊడిపోయి, మందు తన పనికి పూనుకుంటుంది. పసిపిల్లలు సైతం మారాం చేయకుండా మింగుతున్న ఆ మాత్రను ధిక్కరించిన నోరు ఇప్పటికి ఒక్కటే. అది విజేత అత్తగారి నోరు.

"అత్తా, నువ్వు ముందు మింగతాండిన మందే ఇది. చేదొక్కటే తీసేసుండాము."

"చేదు తీసేస్తే ఇంకేముంటాదే అందులో, సున్నం తప్ప? మందు నాలిక్కి తగలంగానే ఒళ్ళు జల్లుమనాల. అప్పుడు కదా జబ్బు బెదిరేది! ఇది సూడు, బువ్వకొచ్చిన సుట్టం మాదిరి నెమ్మదిగా లోపలికి పోతాది."

గడప మీద కూర్చున్న పక్కింటి చెంగమ్మ కిసుక్కున నవ్వింది. "నీకు బంగారు బిళ్ళ ఇచ్చినారంట కదమ్మా! ఈమె చేత ఈ బిళ్ళ మింగించు, ఇంకోటి ఇస్తారేమో."

నీలిమకు నవ్వు రాలేదు. మందు మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుందని, ఆపై ఏ మాత్రకూ లొంగదని మదనపల్లె డాక్టరు గట్టిగా హెచ్చరించాడు. అత్త మానేసి అప్పుడే కొన్నాళ్ళయింది. దగ్గు మళ్ళీ తల ఎత్తుతోంది. పోనీ, పాత మాత్రే ఇద్దామంటే అది దొరకడం లేదు. కుప్పంలో ఉద్యోగం చేస్తున్న భర్త మునికుమార్ అక్కడి మందుల అంగళ్ళన్నీ గాలించి, "యాడా లేదు. అంతా నీ మాత్రే అమ్ముతాండారు" అని ఇందాకే ఫోన్ చేశాడు. చేదు మీద ఆమె గెలుపు అంత సంపూర్ణమైనది మరి.

"నువ్వన్నా చెప్పు మామా," అని ఆమె మూలనున్న కుర్చీ వైపు తిరిగింది.

టమోటా మండీ నుంచి అప్పుడే వచ్చిన ఈశ్వరప్ప పేపరు వెనకనుంచి తల ఎత్తలేదు. "నేనేం చెప్పేది? మందు నీది, నోరు ఆమెది."

సన్మానపు శాలువాను అత్త మోకాళ్ళ మీద కప్పుతూ నీలిమ అణువుల సంగతి మళ్ళీ మొదలుపెట్టింది. సగంలోనే అత్త తల అడ్డంగా ఊపింది. మహాసభలో అనర్గళంగా ఉపన్యసించిన విదుషి, మాత్రను గుప్పిట్లో బిగించుకొని చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఏడవద్దు పాపా," అంటూ నారాయణమ్మ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. "నీ మందు మంచిదే. పిల్లోళ్ళకియ్యి. నాకు మాత్రం చేదు గావాల."

నీలిమ లేచి డాక్టరుకు ఫోన్ చేసింది. ఏదో అడిగింది. అవతల ఆయన పెద్దగా నవ్వి, కొంచెమైతే పరవాలేదన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి చేదుకు పేరుపడ్డ నేలవేము ఆకు ఇంత వేసి కషాయం కాచింది. చల్లారిన ఆ నల్లటి ద్రవంలో, ఏళ్ళ తరబడి నిద్ర మానుకొని సాధించిన తన పరిశోధనా ఫలాన్ని స్వహస్తాలతో ముంచి తీసింది. పదవి పోయిన చక్రవర్తి పుంగనూరులో మళ్ళీ సింహాసనం ఎక్కాడు.

మాత్ర నాలుకకు తగలగానే నారాయణమ్మ ముఖం ముడుచుకుపోయింది. "అబ్బబ్బబ్బా! మందంటే ఇదే!" అని గుటుక్కున మింగి, నీళ్ళు తాగింది.

"చేదు లేకుండా చేసినందుకు సన్మానం, చేదు పూసి తెచ్చినాక ఫలం! బాగుండాదమ్మా మీ చదువు," అంటూ చెంగమ్మ చీర దులుపుకొని వెళ్ళిపోయింది.

నారాయణమ్మ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకొని, చేదు ఇంకా దిగలేదన్నట్టు మూలుగుతూనే ఉంది.

కుర్చీ కిర్రుమంది. ఈశ్వరప్ప పేపరు మడిచి, పైపంచెతో చేతులు తుడుచుకొని లోపలికి వెళ్ళాడు. చిన్న బెల్లం ముక్కతో తిరిగి వచ్చాడు.

"మే, నోరు తెరువు."

ఆమె తెరిచింది. ముక్క నోట్లో పెట్టి, పెదవి చివర అంటిన పలుకును బొటనవేలితో తుడిచి, ఏ పాపమూ ఎరగనివాడిలా ఆయన మళ్ళీ పేపరు వెనక్కి చేరుకున్నాడు.

నీలిమ మంచం మీద కూర్చొని, "చేదంటే నీకు ఇంత ఇష్టం యాల అత్తా?" అని అడిగింది.

నారాయణమ్మ బెల్లాన్ని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకొని, కుర్చీ వైపు ఒకసారి చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది.

"చేదు ఎవురికి ఇష్టమే పిచ్చిదానా! పెండ్లయినకాడి నుంచి ఆ మనిషి తన చేత్తో నా నోట్లో ఏమన్నా పెట్టినాడంటే, అది ఈ చేదు మందు మింగినాకనే."