పూడని ఖాళీ

"పొద్దున్నుంచీ మనిషి అయిపూ అజా లేక నా ప్రాణాలు పోతుంటే, ఆ డబ్బా ముందు కూచుని బొమ్మలేస్తున్నావుటే?" అల్మా మీద విరుచుకుపడింది ఫిక్రెత పెద్దమ్మ.

"బొమ్మలు కావు పెద్దమ్మా! వెతికే పనే ఇది. కాస్త నన్ను చూసుకోనీ."

రసీం పెదనాన్న తెల్లవారుజామునే పుట్టగొడుగులకని కొండెక్కాడు. మూడు దాటినా దిగలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, గుండె మాత్రలు బల్ల మీదే వదిలేశాడు. ఊరు ఊరంతా వెతకడానికి బయల్దేరింది. నలభై మంది ఫోన్లు తిరిగిన చోట్లన్నీ అల్మా లాప్‌టాప్‌లో చుక్కలుగా పడుతున్నాయి. స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాలో పుట్టి పెరిగి, అక్కడే ఆకారాల గణితమైన టోపాలజీ పాఠాలు చెప్పే అల్మా, భర్త మత్యాజ్‌తో కలిసి నిన్ననే ఈ బోస్నియా పల్లెకు వచ్చింది.

ఒక్కో చుక్క చుట్టూ సున్నా గీసి, సున్నాలన్నిటినీ పెంచుకుంటూ పోయింది. చుక్కల మధ్య సందులు ఒక్కొక్కటే పూడిపోయాయి. పడమటి వాలులో ఒక్కటి మాత్రం ఎంత పెంచినా పూడలేదు. అందరూ దాని చుట్టూనే తిరుగుతున్నారు, లోపలికి ఒక్కరూ పోలేదు. అల్మాకు ఒళ్ళు మండింది. వెతికేవాళ్ళతో కొండెక్కిన మత్యాజ్‌కు ఫోన్ చేసింది.

"పడమటి వైపు పెద్ద మేర ఎవరూ చూడనేలేదు. నువ్వు వెళ్ళు."

"ఇటు దారే లేదు అల్మా. అంతా ముళ్ళపొదలు."

"అందుకే వదిలేశారు, బద్ధకస్తులు! పెదనాన్న అక్కడే ఎక్కడో పడి ఉంటాడు. పరిగెత్తు!"

"సరే సరే, అరవకు. వెళ్తున్నా."

స్లొవేనియా భాషలో గబగబా సాగిన ఆ మాటలు పెద్దమ్మకు అంతుపట్టలేదు. "ఏమంటున్నాడే?" అని అడిగింది. అల్మా కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ లాప్‌టాప్‌కీ మధ్య తిరగసాగింది. కొండ మీద సిగ్నల్ అంతంత మాత్రం, చుక్కలు ఆలస్యంగా పడుతున్నాయి.

పది నిమిషాలకు గేటు కిర్రుమంది. బుట్ట నిండా పుట్టగొడుగులతో రసీం!

"ఏమిటీ గోల? హమీద్ ఇంట్లో కాఫీ తాగి, కాస్త కునుకు తీశాను. అంతేగా?"

"నీ కునుకు తగలెయ్య!" అంటూ పెద్దమ్మ భోరుమంది. అల్మాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

రసీం లాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు. "ఇదంతా నా కోసమేనా? మధ్యలో ఈ బొక్క ఏమిటమ్మా?"

"ఊళ్ళో ఒక్కరూ అడుగుపెట్టని చోటు పెదనాన్నా. మీవాళ్ళ కంటికి ఆనకపోయినా నా లెక్కకు దొరికింది" అంది అల్మా నవ్వుతూ.

రసీం నవ్వలేదు. "అక్కడ ఎవరు అడుగుపెడతారమ్మా? యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇంకా అలాగే ఉన్నాయి. బోర్డులు కుళ్ళి రాలిపోయినా, ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు."

అల్మా ఫోన్ అందుకునేలోగానే ఆ ఖాళీ నట్టనడుమ ఒక కొత్త చుక్క పడింది.