పునీతుడి వాటా

"చెరకు సారాతో కారా? తాగి తూలదూ?" అన్నాడు అనక్లేతో అనే టాక్సీ డ్రైవరు.

ఇంజిన్లు మార్పించుకున్న ఏడుగురు డ్రైవర్లూ నా కొత్త ఆల్కహాలు పంపు ముందు నిలబడ్డారు. మొదట పోయించుకునే ధైర్యం ఎవరికీ లేదు. మధ్యాహ్నంలోగా అమ్మకం లేకపోతే కంపెనీవాళ్లు పంపు ఊడబీక్కుపోతారు.

"తూలితే నేను మోసుకొస్తాలే బాబాయ్. ముందు పట్టించు!"

అనక్లేతో బాబాయ్ గొట్టం వాసన చూసి, కళ్లు మూసుకుని, కాస్త నేలమీద పోశాడు.

"అయ్యో, ఒలకబోస్తావేం?"

"నోర్ముయ్ రా! పునీతుడు బెనెదితోకి మొదటి చుక్క పొయ్యకుండా సారా ముట్టుకుంటామా?"

మిగతా ఆరుగురూ టోపీలు తీశారు. ట్యాంకు నిండింది, బండి గర్జించింది. అంతే, తోసుకుంటూ వరస కట్టారు. ప్రతివాడూ పునీతుడికి ధారాళంగా పోశాడు.

ఆపబోయి మీటరు చూశాను. పునీతుడు తాగిందీ అందులో అమ్మకం కిందే తిరుగుతోంది.

"ఇంకాస్త పొయ్యండయ్యా! అసలే ఎండాకాలం."