మిగిలిన మందు

సెలైన్ స్టాండు మూడోసారి చిన్న డాక్టరు మోచేతి మీద పడింది.

ఈసారి ఎముక విరిగిన చప్పుడు హెడ్ నర్సుకు వినిపించింది.

కొడుతున్నవాడు నాలుగో బెడ్డు పేషెంటుకు అన్న. వెల్డింగు పని చేస్తాడు. తమ్ముడు పోయి గంట కాలేదు. మీద దుప్పటి కప్పి శవాన్ని అలాగే ఉంచారు.

"కాలు విరిగిందని తెస్తే కాటికి పంపుతావా? కాలు విరిగి చచ్చినోణ్ణి ఎక్కడన్నా చూశావా నువ్వు?"

"మందు ఇచ్చానన్నా. మూడు రకాలు మార్చాను."

"మందంటూ నీళ్లెక్కించావు."

మళ్లీ కొట్టాడు. డాక్టరు కింద పడ్డాడు.

కాపలావాడు తలుపు బయటే నిలబడి ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల ఎవరూ ఎత్తుతున్నట్టు లేదు. ఏడో బెడ్డు మీదున్న ముసలావిడ ఆక్సిజన్ మాస్కు వెనక కళ్లు మూసుకుంది.

హెడ్ నర్సు చెయ్యి కోటు జేబులో ఉంది. జేబులో మడిచిన కాగితం ఉంది.

అరగంట క్రితం ల్యాబ్ టెక్నీషియన్ దాన్ని తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"నాలుగో బెడ్డు, ఏడో బెడ్డు, పోయిన నెల చనిపోయిన పెద్దాయన, ఇదిగో ఈ సింకు కింది గొట్టం. నాలుగింటిలోనూ దొరికిన క్రిమి ఒకటే అక్కా. దానిలో ఉన్న జన్యువూ ఒకటే. అన్నీ ఒక గూటి పక్షులే."

"ఆ జన్యువు ఏం చేస్తుంది?"

"మనమిచ్చే మందును ముక్కలు చేసి పారేస్తుంది. ఊరికే రాలేదులెండి. ఆ గొట్టంలో ఎవరో రోజూ కాస్త కాస్త మందు పోశారు. చావాల్సినవి చచ్చాయి, తట్టుకున్నవి మిగిలాయి. పైగా అవి పిసినారివి కావు. ఆ జన్యువును పక్క క్రిములకీ పంచిపెడతాయి. ఎవరా మహానుభావులో కనుక్కోండి."

ఆమె కనుక్కోవలసిన పని లేదు.

ఇంజెక్షను ఇచ్చాక సీసాలో మిగిలిన మందును చెత్తబుట్టలో వెయ్యకూడదని నియమం పెట్టింది ఆమే. ఎవరో ఏరుకుని, నీళ్లు కలిపి అమ్ముతారని భయం. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ మొదటిరోజే చెప్పేది: "మిగిలింది సింకులో పొయ్యి. తరవాతే సీసా పారెయ్యి."

పంతొమ్మిదేళ్లుగా చెబుతోంది. వార్డు నుంచి ఒక్క చుక్క బయటికి పోలేదు.

ఆమె వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది.

"తప్పుకో అమ్మా. నీ మీద చెయ్యెత్తించకు."

"మందు ఇచ్చాడు బాబూ. నేనే ఎక్కించాను. పని చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

ఆమె జేబులోని కాగితాన్ని ఇంకా లోపలికి తోసింది.



వెల్డరు ఆమెను భుజం పట్టి పక్కకు తోశాడు. స్టాండు ఈసారి డాక్టరు మోకాలి మీద పడింది. డాక్టరు అరవలేదు. పక్కకు తిరిగి నేల మీద వాంతి చేసుకున్నాడు.

స్టాండు వంగిపోయింది. దాన్ని విసిరేసి వెల్డరు మందుల బీరువా అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. రెండోసారి గుద్దాడు. వేళ్ల నుంచి మణికట్టు దాకా తెగింది.

అప్పటికి అతనిలో సత్తువ అయిపోయింది. రక్తం కారుతున్న చేతిని చూసుకున్నాడు. తమ్ముడి బెడ్డు పక్కనున్న సింకు దగ్గరికి నడిచి, కుళాయి తిప్పబోయాడు.

ఆమె పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. తెగినచోటే పట్టుకుంది.

అతని మోచెయ్యి ఆమె మొహానికి తగిలింది. పెదవి చిట్లింది. ఆమె వదల్లేదు.

"ఇక్కడ కడుక్కోకు."

"ఏం? నీళ్లు కూడా మీ బాబు సొమ్మా?"

"నీ తమ్ముణ్ణి చంపింది ఈ గొట్టంలో ఉంది. నీళ్లు పడితే పైకి చిందుతుంది. తెగిన చేతికి పట్టుకుందంటే నీకూ మందుండదు."

అతను ఆమె వైపు తిరిగాడు.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

కాగితం తీసి అతని ముందు విప్పింది. గొట్టంలో దొరికింది చెప్పింది. సీసాల సంగతి చెప్పింది. ఎన్నేళ్లో చెప్పింది. క్షమించమని అడగలేదు.

అతను చదవలేదు. అతని వేళ్ల నుంచి చుక్కలు కాగితం మీద పడ్డాయి. నేల మీదున్న డాక్టరును చూశాడు. వంగిన స్టాండును చూశాడు. తమ్ముడి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

ఆమె డాక్టరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, విరిగిన చేతి కింద దిండు పెట్టింది.

డాక్టరు ఆమె పెదవిని చూడలేదు. కాగితాన్నే చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు. "అది మీ చేతికి ఎప్పుడొచ్చింది?"